మెడ తడిమే రూలు

మెల్‌బోర్న్,
8 డిసెంబరు 2002

బావకి,

మీరంతా బాగున్నారని అక్క ఫోన్లో చెప్పింది కాబట్టి ఆ సంగతి అడగను. ఫోను అక్కది, ఉత్తరం మనది అని నువ్వే రూలు పెట్టేవు. మంచి రూలే. ఫోన్లో అక్క నన్ను అన్నం తిన్నావా, ఏం కూర అని అడిగేసరికే ఫోను కార్డులో డబ్బులు అయిపోతన్నాయి.

నేను పనిచేసే గ్యారేజీ ఓనరు పేరు మిక్. అరవై దాటినాడు. వారమంతా ఊరోళ్ళ కార్లు బాగుచేస్తాడు, సెలవు రోజుల్లో తన కారు రేసుకి తీసుకెళ్తాడు. వెనకాల నేనూ వెళ్తాను, టైర్లు మార్చడానికి, బ్రేకులు చూడ్డానికి. గొప్పోడేమీ కాదు. గ్యారేజీ మేడ మీదే పడుకుంటాడు.

ఇక్కడ రేసు కార్లు రెండు జాతులు బావా. ఒకటి జీటీ కార్లు. ఇటలీ నుంచీ జర్మనీ నుంచీ ఓడల్లో వస్తాయి. నేలకి కరుచుకుని ఉంటాయి. ఆ కారేసుకుని బజారుకెళ్ళి కూరగాయలు తేలేవు. రెండోది ప్రొడక్షన్ కార్లు. షోరూంలో ఎవడైనా కొనుక్కునే కారే. లోపల సీట్లు పీకేసి, డ్రైవరు చావకుండా ఇనప గొట్టాల పంజరం బిగిస్తారు. మిగతాదంతా కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. మాది ఆ జాతి.

పోయిన నెల బాథర్స్ట్ అనే ఊళ్ళో కొండ మీద ఇరవైనాలుగ్గంటల రేసు పెట్టేరు, రెండు జాతుల్నీ కలిపి. జీటీ కారు దాటిపోయినప్పుడల్లా మా కారు గాలికి ఊగిపోయేది. తెల్లారేసరికి మా గేర్‌బాక్సు పోయింది.

అక్క పంపిన నూకాలమ్మ తల్లి నల్లతాడు ఇంజను పక్కన కట్టేను. చెకింగ్ ఆఫీసరు బానెట్ ఎత్తి ఇదేటి అన్నాడు. రక్షణకి అన్నాను. ఈ కారుకి కంపెనీ ఇది ఇవ్వలేదు అని తీయించేసేడు. నా చేతికి కట్టుకున్నాను. గేర్‌బాక్సు పోయింది గానీ నా చెయ్యి బాగానే ఉన్నాది.

నేను రేసు కారు తోలుతున్నానని అక్క అనుకుంటోంది. తోలడం లేదని నువ్వు చెప్పు. నేను చెప్తే నమ్మట్లేదు.

నీ బావమరిది,
అప్పలరమణ

*

అనకాపల్లి,
14 ఏప్రిల్ 2003

ఒరే రమణా,

నీ ఉత్తరం అందినాది. మీ అక్కకి సదివి వినిపించేను గానీ కొండ మీద రేసు అన్న కాడ ఆపీసేను. నువ్వు కారు తోలట్లేదన్న సంగతి ఇంకా సెప్పలేదు. నువ్వు తోలడం మానేత్తే నూకాలమ్మ తల్లికి కోడినిత్తానని మొక్కుకున్నాది. మంచి ఆదివారం సూసి, మానేసేడంట అని సెప్తాను. కోడి ఎక్కడికీ పోదు.

నువ్వు రాసిన రెండు జాతులూ మన పేట అమ్మోరి తీర్థంలోకీ వచ్చీసినాయి. మన ఎడ్లబండి పందేనికి ఇన్నాళ్ళూ ఎవరొచ్చీవోరు? పొద్దున్న పొలం దున్ని, మజ్జానం ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగేసి తోలుకొచ్చీవోరు. ఈ ఏడు కె. కోటపాడు కాంట్రాక్టరు త్రినాధరావు తన ఎడ్లని లారీలో తెచ్చేడు. లారీలో, రమణా! ఎండ తగలకుండా పైన టార్పాలిను. ఆటికి గుడ్లంట, ఉలవలంట, బాదంపప్పంట. పుట్టి ఏనాడూ నాగలి మొకం సూడనేదు. మన ఎడ్లు మైలోడూ పుల్లోడూ సగం దూరం ఎల్లేసరికి ఆటిని తిరిగి లారీ ఎక్కించేత్తన్నారు. పుల్లోడు నిలబడి ఆ లారీనే సూసేడు. తరవాత పక్క సేలో గడ్డి కొరికేడు. ఆడికి సిగ్గులేదు.

నాకు మాత్రం కడుపు మండిపోయినాది. పందెం నడిపించీవోణ్ణి నేను. ఓడిపోడం నాకలవాటే, అది కాదు బాధ. మన తీర్థంలో ఓడిపోయినోడు కూడా నవ్వుకుంటా ఇంటికెల్లీవోడు. ఈ ఏడు ఎవడూ నవ్వలేదు. వచ్చే ఏడు మేం రాంలే అనీసి ఇద్దరు ముగ్గురు మొకం మీదే సెప్పీసేరు. అక్కడ గొప్పోళ్ళ కార్లకి కళ్ళెం ఏత్తారా? ఎలగ ఏత్తారో బేగి రాయి.

ఆ ఇరవైనాలుగ్గంటలూ కార్లకి మేత ఎవరేత్తారు? కార్లకి కాకపోతే మనుషులకైనా.

జవాబు కోసం సూసే నీ బావ,
బుల్లిబాబు

*

మెల్‌బోర్న్,
12 డిసెంబరు 2004

బావా,

బేగి రాయమన్నావు. ఏడాదిన్నర పట్టింది. తిట్టడానికి ఎన్ని పేజీలు కావాలో అన్నీ వాడుకో.

ముందు మేత సంగతి. కార్లు మధ్యమధ్యలో ఆగుతాయి, పెట్రోలు పోస్తాం, డ్రైవర్లు మారతారు. మనుషులకి లోపల మాంసం పెట్టిన రొట్టె ఇస్తారు. నేను అక్క పంపిన ఆవకాయ పట్టుకెళ్తాను. మిక్ ఓసారి వేలితో తీసుకుని నాకేడు. కారు కోసం తెచ్చిన నీళ్ళ డబ్బా ఎత్తి తాగేసేడు. ఆ రోజు మధ్యాహ్నం కూడా తాగుతూనే ఉన్నాడు.

ఇక్కడ కబుర్లు బాగులేవు. ఆ కొండ మీద రేసు రెండేళ్ళే నడిచింది. ఈ ఏడు పెట్టనే లేదు. ఈ రేసులన్నీ నడిపించే కంపెనీయే మూతపడిపోతోంది. జీటీ వాళ్ళు ఒకరి మీద ఒకరు ఖర్చు పెంచుకున్నారు, కార్లు తగ్గేయి, కార్లు తగ్గితే చూసేవాళ్ళు తగ్గేరు అని మిక్ అంటాడు. మాలాంటి చిన్న కార్లవాళ్ళు అంతకు ముందే నీరసించిపోయేరు. మిక్ మా కారుని షెడ్డులో పెట్టి దుప్పటి కప్పేడు. జొరమొచ్చినోడికి కప్పినట్టు అంచులు కూడా లోపలికి దోపేడు. చూడలేక నేను బయటికొచ్చేసేను.

కళ్ళెం సంగతి అడిగేవు. ఉన్నాది. గెలిచిన కారుకి తర్వాత రేసులో బరువు పెడతారు. సీసం దిమ్మలు కారులో బోల్టులేసి బిగించేస్తారు. గెలిచినకొద్దీ బరువు. అప్పుడు వెనకున్నోడికి ఆశ పుడతాది. నీ త్రినాధరావుకి పనికొస్తాదేమో చూడు.

మొన్న ఫోన్లో అక్క నన్ను తెగ మెచ్చుకుంది, రేసులు మానేసేవు, బుద్ధిమంతుడివి అని. కోడి బాగుందా?

అప్పలరమణ

*

అనకాపల్లి,
19 ఏప్రిల్ 2005

రమణా,

కోడి కూర బాగున్నాది. ఈ ఉత్తరం మంచం మీద పడుకుని రాత్తన్నాను. గీతలు కొండెక్కితే నువ్వే దింపుకుని సదువుకో.

నీ బరువు రూలు పెట్టేను. పోయిన ఏడు నెగ్గిన త్రినాధరావు బండిలో ఈ ఏడు బరువుండాలన్నాను. కమిటీ ప్రెసిడెంటు రాజేంద్రప్రసాదు మాస్టారు సరేనన్నాడు. సీసం మనకెక్కడిది? అనకాపల్లిలో బరువంటే బెల్లం. మార్కెట్టు నుంచి నాలుగు దిమ్మలు తెచ్చి బండిలో పెట్టేం. పందెం టైముకి సూత్తే రెండున్నాయి. త్రినాధరావు మనుషులు మేం ముట్టుకోలేదంటారు. మన పేట పిల్లగుంటల బెల్లం మూతులు సూత్తే నిజమేననిపించినాది. తగ్గిన బరువుకి ఏటి సెయ్యాల? కమిటీ మొత్తానికి బరువైనోణ్ణి నేనే. ఎక్కి కూర్చున్నాను.

ఆ ఎడ్లు పరిగెడతన్నాయో ఎగురుతన్నాయో తెలీనేదు. నేనొకణ్ణి ఎనకాల ఉన్నానని ఆటికి తెలిసినట్టు కూడా లేదు. మలుపు కాడ బండి ఇటు తిరిగినాది, నేను అటు ఎల్లిపోయేను. మోకాలి సిప్ప పగిలినాది. నేను పడ్డాక బరువు తగ్గి ఇంకా బేగి ఎల్లేయంట. త్రినాధరావే నెగ్గేడు.

ఆసుపత్రికి కూడా త్రినాధరావు లారీలోనే తీసుకెల్లేరు. ఎడ్ల పక్కనే పడుకోబెట్టేరు. ఆటి కింద ఎండుగడ్డి మందంగా పరిసేరు రమణా, పైన టార్పాలిను. దెబ్బ తగిలింది గానీ సుకంగానే ఉన్నాది.

ఆ రూలు నువ్వు సెప్పిందేనని మీ అక్కకి సెప్పీసేను. నువ్వు ఫోను సేత్తే ఎత్తదంట.

పడుకున్న బావ,
బుల్లిబాబు

*

మెల్‌బోర్న్,
6 మే 2005

బావా,

బరువు పెట్టమన్నాను గానీ నిన్ను పెట్టమన్లేదు.

నీ మోకాలు తలుచుకుంటే నాకు ముద్ద దిగట్లేదు. అక్క ఫోను ఎత్తింది. ఎత్తి, నా గొంతు విని, పెట్టేసింది. మూడోసారికి మాట్లాడింది. మొదటి నాలుగు మాటలూ ఉత్తరంలో రాయడానికి బాగోవు.

ఒకటి మాత్రం అక్కా నేనూ కలిసి తేల్చేసేం. ఆ కాలితో నువ్వు నాగలి వెనక నడవకూడదు. ఇక నుంచి దుక్కికి ట్రాక్టరు. చెరుకు తోలడానికి కూడా అదే. ఎడ్లు ఇంటి దగ్గర ఉంటాయి, నువ్వూ ఇంటి దగ్గర ఉంటావు. కాదనకు. కాదంటే నేను అక్కడికొచ్చేస్తాను, ఇక్కడ మిక్ బ్రేకులు ఎవరు చూస్తారు?

పందెం సంగతి మిక్‌ని అడిగేను. ఇక్కడ జీటీ కార్లకి ఈ ఏడు మళ్ళీ చాంపియన్‌షిప్ పెట్టేరు. ప్రొడక్షన్ కార్ల రేసులు వేరే. మాకు కార్లు తక్కువే, కొన్నిచోట్ల వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కానీ చావలేదు. మిక్ ఏటంటాడంటే, పెద్దోడి మీద బరువేసి చిన్నోణ్ణి చెయ్యలేం, ఇద్దర్నీ వేరే వరసల్లో నిలబెట్టాలి అంటాడు. నువ్వు కూడా పని ఎడ్లకి వేరే పందెం పెట్టు. నిజంగా పని చేసే ఎడ్లేనా అని చెకింగ్ పెట్టు. మా కారులో ప్రతి సామానూ కంపెనీదేనా అని ఇక్కడ చేత్తో తడిమి మరీ చూస్తారు.

ఈసారి నువ్వు బండెక్కకు.

అప్పలరమణ

*

అనకాపల్లి,
20 ఫిబ్రవరి 2007

ఒరే రమణా,

పోయిన ఏడు కుంటుకుంటా తిరిగేను కాబట్టి ఏదీ సెయ్యలేకపోయేను. పందేనికి త్రినాధరావు కాక రెండు జతలే వచ్చినాయి. ఆడి ఎడ్లు ఆడే తోలించుకున్నాడు, ఆడి మనుషులే సప్పట్లు కొట్టుకున్నారు. కప్పు కూడా ఆడే కొనుక్కుని తెచ్చుకున్నాడు.

దాంతో మాస్టారు తెగేసి సెప్పీసేడు. ఈ ఏడు పని ఎడ్ల పందెం నువ్వన్నట్టే ఏరేగా పెట్టుకో బుల్లిబాబూ, కానీ ఆరు జతలు బరిలో నిలబడాల. ఆరుకి ఒక్కటి తగ్గినా పందెం ఎత్తీసి, ఆ మైదానంలో ఆర్కెస్ట్రా పెట్టిత్తాం, ఇంక ఏటేటా అదే అన్నాడు. నాకు ఉన్నదేటి రమణా? సదువా, పదవా? తీర్థం నాడు ఆ ఒక్కపూటా ఈ పేటంతా బుల్లిబాబు ఏడీ అని నన్ను ఎతుకుతాది. అది పోతే నేను తీర్థానికెల్లి జీళ్ళు కొనుక్కుని రావాల.

చెకింగ్ కూడా పెట్టేను. ఎద్దు మెడ అబద్దమాడదు. కాడి మోసి మోసి, రాపిడికి కాయలు కాసి బండలాగుంటాది. పందెం ఎద్దు మెడ ఎన్నముద్ద. పందేనికి ముందు అందరి ఎదుటా నేనే తడిమి సూత్తాను. మెత్తగుంటే బయటికే. నా సొంత బావమరిది ఎడ్లయినా సరే ఒగ్గను అని మైకులో అన్నాను. నీకు ఎడ్లు లేవు కాబట్టి దైర్యంగానే అన్నాను.

మనయితో కలిపి సరిగ్గా ఆరు జతలు తేలినాయి. మన మైలోణ్ణీ పుల్లోణ్ణీ సూత్తే నువ్వు పోల్చుకోలేవు. ట్రాక్టరొచ్చిన కాణ్ణించి మారాజుల్లాగున్నారు. ఒళ్ళు నిగనిగలాడతన్నాది. మీ అక్క దువ్వుతాది కూడాను. ఈ ఏడు నెగ్గీగలరని నాకు ఆశ పుడతన్నాది.

ఉగాది ఎల్లిన ఆదివారం తీర్థం. నూకాలమ్మ తల్లికి అక్కడే దండం పెట్టుకో.

చెకింగ్ ఆఫీసరు,
బుల్లిబాబు

*

మెల్‌బోర్న్,
14 మార్చి 2007

బావా,

ఈ ఉత్తరం తీర్థం లోపల అందాలి. అందకపోతే ఏటి చెయ్యాలో నాకు తెలీదు.

ట్రాక్టరొచ్చి రెండేళ్ళయింది. మన ఎడ్లు కాడి మోసి రెండేళ్ళయింది. ముందు ఇంటికెళ్ళి వాటి మెడ తడిమి చూసుకో. నీ రూలు మంచిదే, కానీ కాస్త ఆలోచించు.

ఫోను కూడా చేసేను. అక్క ఎత్తింది. మన ఎడ్ల మెడలెలా ఉన్నాయో చూసుకోమని బావకి చెప్పు అన్నాను. "మెడలకేటి, కొత్త గంటలు కట్టేను, ముద్దుగున్నాయి" అన్నాది. నేను ఇంకోలా చెప్పేను. "నీకెందుకురా, పట్టెడ కూడా కొంటాను" అన్నాది. కార్డు అయిపోయింది.

ఇక్కడొక మంచి కబురు. ఆ పాత కొండ మీదే ఈస్టర్ పండక్కి పన్నెండు గంటల రేసు పెడుతున్నారు. జీటీలు లేవు. షోరూం కార్లకే. మిక్ దుప్పటి తీసేడు. ఇద్దరం రోజూ కారు కిందే ఉంటున్నాం, అందుకే నీకు జవాబు ఆలస్యమైంది.

ముందు మెడ చూడు.

అప్పలరమణ

*

అనకాపల్లి,
28 మార్చి 2007

రమణా,

తీర్థం అయిపోయినాది. నీ ఉత్తరం నిన్న అందినాది.

జతలన్నీ వరసగా నిలబెట్టేం. నేను సెయ్యేసి తడిమి పని ఎద్దే అంటాను, మాస్టారు మైకులో సెప్తాడు, జనం ఈలలేత్తారు. ఐదు జతలు అయినాయి. అన్నీ బండలే. ఆఖరికి మనయి. తడమక్కర్లేదనుకుని పేరుకి సెయ్యేసేను. సెయ్యి జారిపోయినాది రమణా. కాయలున్న కాడ కొత్తగా బొచ్చు మొలిసినాది. మీ అక్క కట్టిన గంట గణగణమన్నాది.

జనమంతా నన్నే సూత్తన్నారు. మాస్టారు మైకు మీద సెయ్యడ్డం పెట్టి, "బుల్లిబాబూ, ఆరో జత ఇదే, కానిచ్చీ" అన్నాడు. ఆర్కెస్ట్రా పెడతానన్నోడే ఆ మాటన్నాడు. పని ఎద్దే అని ఒక్కమాట అంటే సరిపోయీది. ఇంకోపాలి తడిమేను. ఇయాల నా మెత్త మెడ పని మెడయితే, వచ్చే ఏడు త్రినాధరావు లారీ ఎడ్లు కూడా పని ఎడ్లే కదా. "మెత్తగున్నాది, బయటికి తీసీండి" అన్నాను. మాస్టారు సెయ్యి మైకుకి సరిగ్గా అడ్డం పడనేదు. పేటంతా ఇన్నాది.

త్రినాధరావు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కింద సూసుకుంటా నిలబడ్డాడు.

ఐదు జతలు. పందెం పోయినాది. ఆర్కెస్ట్రావోళ్ళు వేను లోంచి సామాన్లు దింపడం మొదలెట్టేరు. నాకు ఏడుపొచ్చినాది. దాసుకోలేదు, అందరి ఎదుటా గట్టిగానే ఏడిసేను.

అప్పుడు దేవుడమ్మ వచ్చినాది. చెరుకు తోలుతాదే, చీడికాడ రోడ్డులో, ఆ దేవుడమ్మ. అత్తనీ పిల్లల్నీ వంట గిన్నెల్నీ బండిలో ఏసుకుని తీర్థం సూడ్డానికొచ్చింది. ఒకెద్దు నల్లది, ఒకెద్దు తెల్లది. తెల్లదానికి ఒక కొమ్ము లేదు. "మావా, మాయి సూడు" అన్నాది. తడిమేను. సెయ్యి గీసుకుపోయినాది. "ఇయి పరిగెట్టవు మావా, నడుత్తాయి" అన్నాది. పరిగెట్టాలని మన రూల్లో ఎక్కడా లేదు. ముందు గిన్నెలు దింపేం, తరవాత అత్తని దింపేం. ఆరు.

నెగ్గినోడి పేరు ఇంకో ఉత్తరంలో రాత్తాను, ఇప్పుడు గుర్తు రాడం లేదు. దేవుడమ్మ బండి వచ్చేసరికి పొద్దు వాలిపోయినాది. ఒక్క మనిషి కదిలితే ఒట్టు. ఆర్కెస్ట్రావోళ్ళే డప్పు కొట్టుకుంటా ఎదురెల్లి తీసుకొచ్చేరు. ఓడిపోయినోళ్ళంతా నవ్వుకుంటా ఇళ్ళకెల్లేరు. వచ్చే ఏడు కూడా పందెం ఉంటాదని మాస్టారు మైకులో సెప్పీసేడు.

మీ అక్క నాతో మాట్లాడ్డం లేదు. బిడ్డల్లాంటి ఎడ్లని ఊరందరి ముందూ మెత్తనోళ్ళన్నానంట.

నీ బావ,
బుల్లిబాబు

*

మెల్‌బోర్న్,
15 ఏప్రిల్ 2007

బావా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. కానీ తీర్థం మర్నాడే అక్క ఫోను చేసి అంతా చెప్పేసింది. తనే చెయ్యడం అదే మొదటిసారి. నీ మీద చాడీలు చెప్పడానికి చేసింది గానీ, చెప్తూ చెప్తూ మధ్యలో తనే ఏడ్చింది.

నవ్వుకుంటాడు కదా అని ఆ సంగతి మిక్‌కి చెప్పేను. నవ్వలేదు. పని ఆపేసి కారు చుట్టూ రెండుసార్లు తిరిగేడు. తర్వాత జాకీ పెట్టి కిందకి దూరేడు. వెనక షాక్‌అబ్జార్బర్లు రెండూ విప్పి నా చేతిలో పెట్టేడు. అవి షోరూంవి కావు బావా. పైన కంపెనీ రంగేసి, నంబరు కూడా కొట్టించేడు. రోజూ ఆ కారు కిందే పడుకున్న నేనే పోల్చుకోలేదు, ఇంక చెకింగ్ ఆఫీసరేటి పోలుస్తాడు? "పాతవి బిగించు" అన్నాడు. "మీ బావ ఎవడో గానీ నా రేసు పాడుచేసేడు" అన్నాడు.

చెకింగ్‌కి పాత ఆఫీసరే వచ్చేడు. కారంతా తడిమేడు. నా చేతి తాడు చూసి, ఇది కంపెనీదేనా అన్నాడు. అనకాపల్లిది అన్నాను. సంతకం పెట్టేడు.

ఈస్టర్ రోజు పన్నెండు గంటలూ ఆ కారు నడిచింది. మాలాంటి కార్ల క్లాసులో ఆఖరొచ్చేం. ఆఖరి గంట మిక్కే తోలేడు. దిగి, టైరు మీద కూర్చుని, మీ బావ ఏడ్చేడన్నావు కదా, అందరి ముందేనా అని అడిగేడు. అందరి ముందే అన్నాను. అయితే పరవాలేదు అని తనూ ఏడ్చేడు. నేనేటి చెయ్యను, నేనూ కూర్చున్నాను.

వచ్చే ఏడు మన ఎడ్ల మెడలెలా ఉంటాయో తప్పకుండా రాయమన్నాడు.

అప్పలరమణ

*

అనకాపల్లి,
3 జులై 2007

రమణా,

ఇది కార్డు, సోటు తక్కువ. ట్రాక్టరోడికి వద్దని సెప్పీసేను. నాగలి ఎనకాల నడవలేను కాబట్టి బండి కట్టి పొలానికి పెంట తోలుతన్నాను. కూర్చునే పనే, మోకాలికి ఏటీ అవదు. మీ అక్క మొన్నటి నుంచి మాట్లాడతన్నాది. పుల్లోడు వారం రోజులు కాడి కింద మెడ పెట్టనన్నాడు. మైలోడు పెట్టేడు. ఆణ్ణి సూసి ఈడూ పెట్టేడు.

ఇయాల పొద్దున్న ఇద్దరి మెడా తడిమేను. కొంచెం గరుగ్గా తగిలినాది. మిక్కుకి సెప్పు.

బుల్లిబాబు